వాలెన్సియా వెళ్ళే ముందు ఎనిమిది నెలల్లో స్పానిష్ ఎలా నేర్చుకోవాలి?

38 ఏళ్ళకు స్పానిష్ వస్తుందా అంటే, వస్తుంది. ఎనిమిది నెలల సమయం ఉంది, రోజుకు గంటన్నర తీయగలనన్నారు, కాబట్టి ఆ విషయంలో నాకు అనుమానం లేదు. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి: మీవారికి వాలెన్సియాలో ఉద్యోగం ఖాయమైంది, మీరూ ఎనిమిదేళ్ళ బాబూ డిసెంబరులో వెళ్తున్నారు, విజయవాడలో అకౌంట్స్ చూసేవారు, ఇంగ్లీష్ పర్వాలేదు, స్పానిష్ ఒక్క ముక్క రాదు. అరవై వేల ఆన్‌లైన్ కోర్సులో చేరాలా, ఫోన్లో యాప్ సరిపోతుందా, డెలె అనే స్పానిష్ భాషా పరీక్ష రాయాలా, "అక్కడికెళ్తే అదే వచ్చేస్తుంది" అని చుట్టాలు చెబుతున్నది నిజమేనా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా స్పెయిన్‌లోనే ఉంటున్నాను, కొత్తగా వచ్చే మనవాళ్ళకు స్పానిష్ చెబుతుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చుట్టాల మాట చూద్దాం. పిల్లలకు అది చాలావరకు నిజం. పెద్దవాళ్ళకు కాదు. మీవారి ఆఫీసులో ఇంగ్లీష్ నడుస్తుంది. సూపర్‌మార్కెట్‌లో మీరే స్కాన్ చేసి కార్డు పెట్టి బయటికి రావచ్చు. సాయంత్రమైతే తెలుగు వాట్సాప్ గ్రూపు, ఇండియా ఫోన్లు. ఇలా ఏళ్ళకేళ్ళు గడిపి కూడా పక్కింటావిడతో రెండు నిమిషాలు మాట్లాడలేనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. తెలివి తక్కువై కాదు, అవసరం వాళ్ళను నెట్టలేదు, అంతే. ఇంకో చిక్కేమిటంటే, భాష గట్టిగా కావాల్సిన పనులన్నీ మొదటి నెలలోనే మీద పడతాయి. మునిసిపాలిటీలో మీ చిరునామా నమోదు చేయించాలి, దాన్ని పద్రోన్ అంటారు. స్పెయిన్‌లో అడుగుపెట్టిన నెలలోపు నివాస కార్డుకు దరఖాస్తు పెట్టాలి. బాబు స్కూలు, హెల్త్ కార్డు, ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు కనెక్షన్, అన్నీ అప్పుడే. మీకు భాష అతి తక్కువ వచ్చిన రోజుల్లోనే దానితో పని ఎక్కువ. ఈ ఎనిమిది నెలలు అందుకోసమే.

ఎంతవరకు రావచ్చో కూడా చెబుతాను. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పించే చోట స్పానిష్‌కు దాదాపు 30 వారాలు కేటాయిస్తారు, అదీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే పనిగా. వాళ్ళు చేరుకునేది ఉద్యోగం చేయగల స్థాయి. మీకు దొరికేది మొత్తం మూడు వందల యాభై గంటల చిల్లర. భాష స్థాయిలను ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుగా లెక్కిస్తారు. ఆ గంటలతో రెండో మెట్టు ఏ2 గట్టిగా పడుతుంది, వినడంలో మూడో మెట్టు బీ1 అంచుకు వెళ్తారు. అంటే డాక్టరుకు ఒంట్లో ఏమిటో చెప్పగలరు, ఇంటి ఓనరుకు గీజర్ పాడైందని చెప్పగలరు, అవతలివాళ్ళు నెమ్మదిగా మాట్లాడితే అందుకోగలరు. అకౌంట్స్ ఉద్యోగం మాత్రం అప్పుడే రాదు. అక్కడి పన్నుల శాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు స్పానిష్‌లోనే ఉంటాయి కాబట్టి ఆ పనికి బీ2 దాకా వెళ్ళాల్సిందే. అది అక్కడికెళ్ళాక రెండో దశ.

ఇప్పుడు నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట. స్పానిష్‌ను ఇంగ్లీష్ మీదుగా నేర్చుకోకండి. పుస్తకాలు, యాప్‌లు ఇంగ్లీష్‌లో ఉండటం తప్పదు, కానీ మనసులో పోల్చుకునేది తెలుగుతో పోల్చుకోండి. స్పానిష్‌లో ఇంగ్లీష్ వాళ్ళు నెలల తరబడి కుస్తీ పట్టే సంగతులు కొన్ని మనకు పుట్టుకతోనే ఉన్నాయి.

ఉదాహరణకు ఉచ్చారణ. స్పానిష్ అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. అన్నీ మన నోట్లో ఉన్నవే. వాళ్ళ టి, డి అక్షరాలు ట, డ కావు, శుభ్రంగా త, ద. ఇంగ్లీష్ మీదుగా వచ్చినవాళ్ళు "టెలెఫోనో", "డాక్టోర్" అంటారు. తెలుగు నోటితో "తెలేఫొనొ", "దొక్తోర్" అనండి, అక్కడి మనిషి పలికినట్టే ఉంటుంది. ప, క కూడా అంతే, గాలి వదలకుండా పలకాలి. ఎన్ మీద గీత ఉన్న అక్షరం మన ఞ. ర రెండు రకాలు: "పెరొ" అంటే కానీ, "పెర్రొ" అంటే కుక్క. రెండోదానికి నాలుక కొన గట్టిగా అదరాలి. మనకు అది రోజుల పని, నెలల పని కాదు. హెచ్ రాసి ఉన్నా పలకరు, కాబట్టి హోటల్ కాస్తా "ఒతెల్". జె అక్షరం గొంతులోంచి వచ్చే హ. బి, వి రెండూ ఒకటే, అందుకే మీరు వెళ్ళే ఊరు వాళ్ళ నోట్లో "బలెన్‌థ్య". ఆ చివరి థ శబ్దం మన థ కాదు, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి. అది రాకపోతే స అనండి. లాటిన్ అమెరికా అంతా అలాగే అంటుంది, ఎవరూ తప్పు పట్టరు.

మనం జాగ్రత్తపడాల్సింది ఊనిక దగ్గర, అంటే పదంలో ఏ భాగాన్ని నొక్కి పలకాలన్న దగ్గర. మనకు దీర్ఘం ఉంది, వాళ్ళకు ఉన్నది ఊనిక. "ఆబ్లొ" అని మొదట నొక్కితే నేను మాట్లాడతాను, "అబ్లో" అని చివర నొక్కితే ఆయన మాట్లాడాడు. "ఎస్త" అంటే ఈ, "ఎస్తా" అంటే ఉంది. మన చెవికి ఆ ఊనిక దీర్ఘంలాగే వినిపిస్తుంది కాబట్టి తేడా పట్టేయడం మనకు తేలిక. పలికేటప్పుడు మాత్రం మరీ సాగదీయకండి. మొదటి కొన్ని వారాలు నోట్‌బుక్‌లో ఉచ్చారణ తెలుగు లిపిలో రాసుకోండి. ఆ తర్వాత మానేసి నేరుగా స్పానిష్ అక్షరాలే చదవండి, ఎందుకంటే అక్కడ రాసినట్టే పలుకుతారు.

వ్యాకరణంలో కూడా మనకు కలిసొచ్చేవి ఉన్నాయి. "వస్తాను" అంటే చాలు, నేను అని విడిగా చెప్పక్కర్లేదు కదా. స్పానిష్‌లోనూ క్రియ చివర చూస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. "నాకు కాఫీ ఇష్టం" అన్నది "మె గుస్త ఎల్ కఫే". "నాకు తల నొప్పిగా ఉంది" అన్నది "మె ద్వేలె ల కబేథ". రెండింట్లోనూ మొదట "నాకు". ఇంగ్లీష్ మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ తలకిందులవుతారు. "నా దగ్గర ఏమీ లేదు" అన్నప్పుడు మనం ఏమీ, లేదు రెండూ వాడతాం, వాళ్ళూ అంతే: "నో తెంగొ నాద". ఇక అందరూ భయపెట్టే సేర్, ఎస్తార్ జంట. ఉంది అనడానికి రెండు క్రియలేమిటని కంగారుపడకండి. "మా ఆయన ఇంజనీరు" అన్నప్పుడు తెలుగులో క్రియే ఉండదు, అక్కడ సేర్ వస్తుంది: "మి మరీదొ ఎస్ ఇన్‌హెన్యేరొ". "మా ఆయన ఇంట్లో ఉన్నారు" అన్నప్పుడు మనకు ఉండు వస్తుంది, అక్కడ ఎస్తార్: "మి మరీదొ ఎస్తా ఎన్ కాస". ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. ఇల్లు పెద్దగా ఉంది అన్నప్పుడు కూడా వాళ్ళు సేరే వాడతారు. అయినా మొదటి మూడు నెలలకు ఇది చాలు.

మనకు నిజంగా కష్టమయ్యేది వస్తువులకు లింగం. టేబుల్ స్త్రీలింగం ఎందుకైందో కారణం వెతకొద్దు, ప్రతి పదాన్నీ ముందున్న ఎల్, ల తో కలిపే నేర్చుకోండి. "మేస" అని రాసుకోకండి, "ల మేస" అని రాసుకోండి. చివర అ ఉన్నవి మామూలుగా స్త్రీలింగం, కానీ "ఎల్ ప్రొబ్లేమ", "ఎల్ దీఅ" లాంటివి మినహాయింపులు. తప్పు లింగం వాడినా అర్థం చెడదు కాబట్టి మాట్లాడేటప్పుడు దీని గురించి ఆగిపోవద్దు.

క్రియారూపాల పట్టికలు బట్టీ పట్టడం ఇప్పుడే మొదలుపెట్టకండి. మూడు చట్రాలతో చాలా దూరం వెళ్ళొచ్చు. "తెంగొ కె" తర్వాత క్రియ పెడితే, చేయాలి, వెళ్ళాలి అనే మన "ఆలి". "ప్వేదొ" తర్వాత క్రియ పెడితే, చేయొచ్చా, చేయగలను. "బోయ్ అ" తర్వాత క్రియ పెడితే, చేయబోతున్నాను. ఇవాళ జరిగిపోయినదానికి స్పెయిన్‌లో "ఎ" పెట్టి క్రియను మారుస్తారు: "ఎ కొమీదొ" అంటే తిన్నాను. ఈ నాలుగూ తడుముకోకుండా వచ్చాక మిగతా కాలాలు ఒక్కొక్కటిగా కలుపుకోండి.

ఇంతకంటే ముఖ్యం చెవి. మనవాళ్ళు వాక్యం చక్కగా తయారుచేసుకుని అడుగుతారు, అవతల నుంచి జవాబు గబగబా వచ్చేసరికి ఒక్క మాటా అందదు, అక్కడితో టెన్షన్ మొదలై ఇంగ్లీష్‌లోకి దూకుతారు. కాబట్టి మీ గంటన్నరలో సగం వినడానికే పెట్టండి. డ్రీమింగ్ స్పానిష్ అని ఒకటి ఉంది, బొమ్మలు గీస్తూ నెమ్మదిగా మాట్లాడే వీడియోలు. సూపర్ బిగినర్ స్థాయి నుంచి మొదలుపెట్టండి, స్పెయిన్ వాళ్ళు మాట్లాడినవి ఎంచుకోండి. వంట చేసుకుంటూ లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వారి ఆడియో పాఠాలు వినండి, పూర్తిగా ఉచితం. అందులో ప్రశ్న రాగానే ఆపి, జవాబు గట్టిగా పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే లాభం లేదు. డ్యుయోలింగో యాప్ రోజుకు పావుగంట చేస్తే చేయండి, దాని మీదే ఆధారపడొద్దు. అది నేర్పేది ప్రధానంగా లాటిన్ అమెరికా వాడుక. స్పెయిన్‌లో నలుగురితో మాట్లాడేటప్పుడు వాడే "బొసోత్రొస్" రూపాలు అందులో దాదాపు కనిపించవు, అక్కడ మాత్రం బాబు స్కూలు గేటు దగ్గర రోజూ వినిపిస్తాయి.

మూడో నెల నుంచి ఇటాల్కీ లాంటి, ఆన్‌లైన్‌లో టీచర్లు దొరికే చోట స్పెయిన్‌కు చెందిన టీచర్‌ను చూసుకుని వారానికి రెండుసార్లు అరగంట మాట్లాడండి. వేసవిలో మనకూ స్పెయిన్‌కూ మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివర గడియారం మార్చాక నాలుగున్నర. మనకు రాత్రి 9 అయితే వేసవిలో అక్కడ సాయంత్రం 5:30, ఇద్దరికీ వీలుగా ఉంటుంది. టీచర్‌ను వ్యాకరణం చెప్పమనకండి. "మీరు హెల్త్ సెంటర్ రిసెప్షనిస్టు, నేను బాబుకు జ్వరమని ఫోన్ చేశాను" అని పాత్రలు పంచుకోండి. ఫోన్ సంభాషణే చేయండి, కెమెరా ఆపేసి. పెదాలు, చేతులు కనిపించకపోతే అదే భాష ఎంత కష్టమవుతుందో అప్పుడు తెలుస్తుంది. అక్కడి అపాయింట్‌మెంట్లు కొన్ని ఫోన్ మీద కూడా కుదుర్చుకోవాల్సి వస్తుంది.

ఆ ఫోన్లలో మనల్ని ముంచేవి అంకెలు. 60 "సెసెంత", 70 "సెతెంత". ఒక్క శబ్దం తేడా. 2 "దోస్", 12 "దోథె". ఫోన్ నంబరు తొమ్మిది అంకెలు, వాటిని చాలామంది ఒక్కొక్కటిగా చెప్పరు, మొదట మూడు, తర్వాత జతలు జతలుగా చెబుతారు: ఆరు వందల ఇరవై మూడు, నలభై ఐదు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది అన్నట్టు. రోజుకు ఐదు నిమిషాలు ఎవరైనా చదువుతుంటే విని అంకెలు రాసే అభ్యాసం చేయండి. కాగితం మీద కూడా తేడా ఉంది. మనం 1,200.50 అని రాసేది వాళ్ళు 1.200,50 అని రాస్తారు. అకౌంట్స్ చేసినవారు కాబట్టి మీరు ఇది వెంటనే పట్టేస్తారు.

పేరు విషయం కూడా ముందే చూసుకోండి. స్పెయిన్‌లో ప్రతివారికీ రెండు ఇంటిపేర్లు, మామూలుగా ఒకటి తండ్రి వైపుది, ఇంకోటి తల్లి వైపుది. పెళ్ళయ్యాక ఆడవాళ్ళు పేరు మార్చుకోరు. అందువల్ల ప్రతి ఫారంలో "నోంబ్రె", "ప్రిమేర్ అపెయీదొ", "సెగుందొ అపెయీదొ" అని మూడు గళ్ళుంటాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే రెండో గడిలో, మూడోది ఖాళీ. ప్రతి ఆఫీసులో అదే వరస, అవే స్పెల్లింగులు. ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా పడితే తర్వాత సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి. వెంకటలక్ష్మి లాంటి పేరు రెండు ముక్కలుగా ఉంటే ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో "బెంకత" అని పిలుస్తారు, అది మీరేనని గుర్తుపెట్టుకోవాలి. ఫోన్లో పేరు అక్షరం అక్షరం చెప్పాల్సి వస్తుంది కాబట్టి అక్షరాల పేర్లు నేర్చుకోండి. హెచ్ "ఆచె", జె "హోత", వై "ఇ గ్రియేగ", వి "ఊబె". బి, వి ఒకేలా పలుకుతారు కనుక "ఊబె దె బలెన్‌థ్య" అంటే అవతలివాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

మర్యాద గురించి ఒక మాట. నువ్వు, మీరు తేడా వాళ్ళకూ ఉంది: "తు", "ఉస్తెద్". కానీ స్పెయిన్‌లో నువ్వు అనడం మనకంటే చాలా తేలిగ్గా జరుగుతుంది. షాపులో పాతికేళ్ళ కుర్రాడు, బాబు టీచరు, ఒక్కోసారి డాక్టరు కూడా మిమ్మల్ని తు అనే అంటారు. అందులో చిన్నచూపు లేదు, దగ్గరితనం ఉంది. మీరు మాత్రం ఆఫీసు కౌంటర్లలో, పెద్ద వయసువాళ్ళతో ఉస్తెద్ వాడండి. అర్థం కానప్పుడు తల ఊపేయడం మానేసి "మె లొ ప్వేదె రెపెతీర్ మాస్ దెస్పాథ్యొ, పోర్ ఫబోర్" అనండి, కాస్త నెమ్మదిగా మళ్ళీ చెబుతారా అని. నిద్రలో లేపి అడిగినా ఈ వాక్యం రావాలి.

శాకాహారులైతే "మాంసం తినను" అన్నంత మాత్రాన సరిపోదు. అక్కడ మాంసమంటే చాలామందికి చేప, హమోన్ (పంది తొడ మాంసం) అందులో లెక్కకు రావు. సాలడ్ అడిగితే ట్యూనా చేప వేసి ఇస్తారు, కూరగాయల వంటకంలో పంది మాంసం ముక్కలు కలుపుతారు. "నో కోమొ కార్నె, ని పెస్కాదొ, ని హమోన్" అని మూడూ చెప్పాలి.

బాబు విషయంలో మీరు అంత దిగులుపడక్కర్లేదు. వెళ్ళేముందు వాడికి నాలుగైదు మాటలు చాలు: బాత్రూమ్‌కు వెళ్ళాలి, నొప్పిగా ఉంది, అర్థం కాలేదు, నాతో ఆడతావా. మిగతాది స్కూలు చూసుకుంటుంది. వాలెన్సియాలో స్పానిష్‌తో పాటు వాలెన్సియానో కూడా అధికార భాష, స్కూల్లో రెండూ ఉంటాయి, నోటీసులు ఆ భాషలోనూ వస్తాయి. కంగారుపడి మీరు దాన్ని ఇప్పుడే మొదలుపెట్టకండి, స్పానిష్ కుదిరాక చదివితే సగం అర్థమవుతుంది. నేను మనసారా కోరేది ఒక్కటి. ఏడాది తిరిగేసరికి బాబు గడగడా మాట్లాడతాడు, అప్పుడు వాణ్ణి దుబాసీగా వాడుకోవడం మొదలుపెట్టకండి. తల్లి అనారోగ్యం గురించి డాక్టరుకు చెప్పే బరువు, బ్యాంకులో గొడవపడే బరువు ఆ వయసు పిల్లాడి మీద పడకూడదు. ఆ ఇళ్ళను దగ్గరగా చూశాను, పిల్లలు నలిగిపోతారు. మీరు ఇప్పుడు పెట్టే ప్రతి గంటా వాడికి కూడా పనికొస్తుంది.

డెలె పరీక్ష ఇప్పుడు అవసరం లేదు. కుటుంబంతో వెళ్ళే మీకు నివాస కార్డు కోసం ఎవరూ అది అడగరు. పౌరసత్వానికి డెలె ఏ2 కావాలి, రాజ్యాంగం, సమాజం గురించిన సీసీఎస్ఈ అనే 25 ప్రశ్నల పరీక్ష కూడా పాసవ్వాలి, కానీ భారతీయులకు ఆ అర్హత మామూలుగా పదేళ్ళ నివాసం తర్వాతే. లక్ష్యం ఉంటేగానీ చదవలేను అనుకుంటే రాయండి. డెలె సర్టిఫికెట్‌కు గడువు లేదు, సియెలె అనే ఇంకో స్పానిష్ పరీక్ష సర్టిఫికెట్‌కు ఐదేళ్ళే. డెలె నిర్వహించేది సెర్వాంటెస్ ఇన్‌స్టిట్యూట్, మన దేశంలో దాని కేంద్రం ఢిల్లీలో ఉంది.

అక్కడికెళ్ళాక ప్రైవేటు స్కూళ్ళ కంటే ముందు ఎస్క్వేల ఒఫిథ్యాల్ దె ఇదియోమస్ గురించి కనుక్కోండి. అవి ప్రభుత్వ భాషా పాఠశాలలు, ఫీజు తక్కువ, విదేశీయులకు స్పానిష్ చెబుతారు. తరగతులు సెప్టెంబరు, అక్టోబరులలో మొదలవుతాయి కాబట్టి డిసెంబరులో వెళ్ళే మీకు ఆ ఏడాది సీటు దొరక్కపోవచ్చు. అప్పటిదాకా పెద్దల విద్యా కేంద్రాలు ఉంటాయి, వాటిలో అడగండి. మీకు ఏ2 ఉంటే స్థాయి పరీక్ష రాసి పై తరగతిలో కూర్చోవచ్చు, అదొక ఏడాది కలిసొస్తుంది.

ఇక అరవై వేల కోర్సు. కట్టేముందు మూడు సంగతులు అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది, పాఠం చెప్పేది ఎవరు, గంటలో మీరు నోరు తెరిచి మాట్లాడే సమయం ఎంత. ముప్ఫై మంది ఉన్న బ్యాచ్‌లో మీ వంతు రెండు నిమిషాలు కూడా రాదు. ఆరు నెలల్లో బీ2 గ్యారంటీ అన్నారంటే చేరొద్దు. హైదరాబాద్‌లో ఉంటే ఇఫ్లూలో (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ గురించి కనుక్కోమనేదాన్ని, విజయవాడ నుంచి అది కుదరదు. ఆ డబ్బును మూడో నెల నుంచి వెళ్ళేదాకా టీచర్‌తో విడిగా మాట్లాడటానికి పెడితే, నా ఉద్దేశంలో అంతకు రెట్టింపు ఫలితం వస్తుంది. మొదటి రెండు నెలలు పైసా ఖర్చు పెట్టకుండా పైన చెప్పిన ఆడియో, వీడియోలతో నడిపించండి. రెండో నెల చివర మీ గొంతుతో రెండు నిమిషాలు మీ గురించి చెప్పి రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, విని ఉచ్చారణలో ఎక్కడ సరిచేసుకోవాలో చెబుతాను.